ఓరబాటకు కమాన్

క్యాడ్‌లో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అబ్బిన విద్య, ఒక మీటను ఆపేయడం. క్యాడ్ తెలియనివాళ్లు కంగారుపడనక్కర్లేదు. నేర్చుకున్నామనుకున్న మాకే అప్పట్లో అంతంతమాత్రంగా తెలుసు. కంప్యూటర్ తెర మీద మౌసుతో గీతలు గీసి ఇంటి ప్లానో, గేటు డిజైనో తయారుచేసే పని అది. అందులో ఆర్తో అని ఒక మీట ఉంటుంది. అది నొక్కి ఉంచితే గీతలన్నీ బుద్ధిగా నిలువుకో, అడ్డానికో పోతాయి. పక్కకు జారవు. కొత్తవాళ్లకు అదొక ఊతకర్ర. నేను ఆ కర్రను గట్టిగా పట్టుకున్నదాన్ని. మాకు క్యాడ్ నేర్పే సర్ తెర మీద ఓరగా ఒక అంచు గీసి, దాని మీదికి లంబం గీయమన్నాడు. నేను పైనుంచి కిందికి తిన్నగా ఒక గీత దించి, ఇంతేగా అన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఇది పేజీకి నిటారుగా ఉందమ్మా, ఆ అంచుకు కాదు," అన్నాడు సర్. "గీతను ఏ అంచు మీద నిలబెడుతున్నావో ఆ అంచును అడగాలి. పేజీని అడిగితే ఎలాగమ్మా?"

ఆయనది గుంటూరు వైపు. మాట మాటకీ ఒక అమ్మా, ఒక అండీ. ఆయన మెట్లు దిగగానే మేము ఆ మాటల్ని సాగదీసి నవ్వుకునేవాళ్లం. మా మాటను సినిమాల్లో ఎన్నేళ్లు వెక్కిరించారు, మేము నాలుగు రోజులు వెక్కిరిస్తే ఏం పోయిందని మా వాదన. కానీ ఆయన చెప్పింది మాత్రం చెవిలో పడింది. ఆర్తో ఆపేసి, మౌసును మెల్లగా ఆ ఓర అంచు మీదికి జరిపాను. ఒక చోట, సరిగ్గా ఒకే చోట, మేస్త్రీలు వాడే మూలమట్టం ఆకారంలో చిన్న గుర్తు పచ్చగా వెలిగింది. అక్కడ నొక్కితే గీత పోయి అంచు మీద లంబంగా కూర్చుంది. తెరకు చూస్తే అది వంకర గీత, అంచుకు చూస్తే అంతకంటే తిన్ననిది లేదు. నాకు ఎంత సంబరమైందంటే, ఆ రోజంతా కనిపించిన ప్రతి ఓర గీత మీదా లంబాలు నాటుకుంటూ పోయాను. సర్ వచ్చి "ఇదేంటమ్మా, ముళ్లకంచె వేశావా" అన్నాడు.

మా సెంటర్ జనగామ బస్టాండు దగ్గర ఒక బట్టల దుకాణం పైన ఉండేది. అవి ఉద్యమం రోజులు. ఘన్‌పూర్‌లో ప్యాసింజర్ ఎక్కితే జనగామలో ఎప్పుడు దిగుతామో రైలు నడిపేవాడికే తెలియదు. దారిలో జనం పట్టాల మీద కూర్చుని ఉండేవాళ్లు. మేమూ దిగి వాళ్లతో కూర్చుని, అక్కడే వండిన పులిహోర తిని, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చి, రైలు కదిలితే ఎక్కి క్లాసుకు పోయేవాళ్లం. బంద్ రోజుల్లో సర్ షట్టర్ సగం దించి, "మీ రాష్ట్రమైనా వస్తుందేమో గానీ మీ సిలబస్ అయ్యేలా లేదమ్మా" అనేవాడు. ఒకసారి ఊరేగింపులో పిల్లగాళ్లు ఆ షట్టర్‌ను కర్రలతో దబదబా బాదారు. సర్ మొహం పాలిపోయింది. అందరికంటే ముందు నేనే మెట్లు దిగి, "మా సారు లోపల ఉన్నడు. జర అవతలికి పోండ్రి" అని గట్టిగా అరిచాను. వాళ్లు నా అరుపుకు కాదు, బురఖాలో ఉన్న పిల్ల అంత పచ్చి మన మాట మాట్లాడుతుందని ఆశ్చర్యపోయి వెళ్లిపోయారు. ఆ పూట సర్ మా అందరికీ చాయ్ తెప్పించాడు.

మా అబ్బాది వెల్డింగు. మానుకోట పక్కనున్న గూడూరులో పుట్టి, మానుకోటలో పని నేర్చుకుని, అక్కడి పిల్ల మా అమ్మీని చేసుకుని, ట్రాక్టర్ తొట్లకు అతుకులు వేసే పని దొరికిందని ఘన్‌పూర్ దాటి మా ఊరికి వచ్చాడు. మానుకోటను కాగితాల మీద మహబూబాబాద్ అంటారు గానీ మా ఇంట్లో ఎవరి నోటా ఆ పేరు వినలేదు. నేను పుట్టింది ఈ ఊళ్లోనే, చదివింది ఈ ఊరి బళ్లోనే. అబ్బా చెయ్యి పడని గేటు గానీ నాగలి గానీ ఊళ్లో లేదు. అయినా ఆయన్ను అందరూ "గూడూరు సాయిబు" అనే పిలిచేవాళ్లు. అందులో చెడు లేదు. కూర వండితే గిన్నెలో పంపే ఇళ్లవాళ్లే అలా పిలిచేవాళ్లు. అబ్బా నవ్వి పలికేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కోసారి అనేవాడు: "గూడూరు పోతే ఘన్‌పూరోడు వచ్చిండంటరు. ఈడికొస్తే గూడూరోడంటరు. నేనేమన్న నడుమల బస్సుల పుట్టిన్నా?"

ఇంట్లో మేము దక్కనీ మాట్లాడుకుంటాం. అబ్బాకు కోపమొచ్చినా, మనసు నొచ్చినా, మనసు నిండినా తెలుగులోకి దిగేవాడు. ఈ మాట ఎప్పుడూ తెలుగులోనే అనేవాడు.

అట్లాంటి రోజుల్లో ఊళ్లో ఉద్యమ కమిటీ వాళ్లు ఊరి ముందర ఇనుప కమాన్ నిలబెట్టాలనుకున్నారు. రెండు స్తంభాలు, పైన అడ్డంగా ఒక పెద్ద పైపు, దాని మీద రేకుతో కోసిన జై తెలంగాణ అక్షరాలు. ఇనుము ఊరు తెస్తుంది, పని అబ్బా చేయాలి. కూలి మాట ఎత్తితే అబ్బా చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంటికొచ్చి అమ్మీతో, "ఊళ్లెకు వచ్చేటోడు, ఊళ్లెకెళ్లి పొయ్యేటోడు, అందరు దాని కిందికెళ్లే పోవాలె. నాకు గది చాలు" అన్నాడు. ఆయన అంత ఇష్టంగా ఒక పని గురించి చెప్పడం నేను వినలేదు. గేట్లు ఇళ్లవాళ్లవి, నాగళ్లు రైతులవి. కమాన్ ఊరిది. అది నిలబడితే తానూ ఈ ఊరివాడినవుతానని ఆయన లోపల అనుకున్నాడు. పైకి అనలేదు గానీ నాకు తెలుసు.

చిక్కంతా మా బాటతో వచ్చింది. మా ఊరి బాట బస్సు రోడ్డుకు తిన్నగా వచ్చి కలవదు. ఓరగా, ఒరుసుకున్నట్టు వచ్చి కలుస్తుంది. ఇంకోవైపు నుంచి డొంక ఒకటి దిగుతుంది కాబట్టి ఆ చోటును మూడు బాటలు అనేవాళ్లు. బస్సులో పోయేవాళ్లకు అక్షరాలు సూటిగా కనబడాలి కాబట్టి కమాన్ బస్సు రోడ్డుకు ఎదురుగా నిలబడాలని కమిటీ చెప్పింది. ఊళ్లో భూములున్న పెద్ద పటేల్ కూడా అదే అన్నాడు. పైపు మాత్రం మా బాట వెడల్పు చూసి, దానికి సరిపోయేంత తెచ్చారు.

అక్షరాలు గీయడం నా పని. జనగామ సెంటర్‌లో కూర్చుని "జై"కి ఐత్వం సరిగ్గా తిరగడం లేదని తంటాలు పడుతూ, మధ్యలో విసుగొచ్చి రెండు రోడ్లూ గీశాను. బస్సు రోడ్డు అడ్డంగా, మా బాట ఓరగా. కమిటీ చెప్పినట్టే పైపును బస్సు రోడ్డు వాటంగా పెట్టాను. తర్వాత అలవాటు కొద్దీ మా బాట అంచు మీదికి ఒక లంబం గీశాను. పచ్చ గుర్తు వెలిగింది. అప్పుడు కనబడింది అసలు సంగతి. పైపు పొడవు అంతే ఉన్నా, ఓరగా నిలబడేసరికి రెండు స్తంభాల మధ్య బండి దూరే దారి బాగా ఇరుకైపోయింది. అదే పైపును మా బాటకు లంబంగా తిప్పితే దారంతా దక్కుతోంది. సర్‌ను పిలిచి చూపించాను. ఆయన తెరను, నన్ను చూసి, "మీ నాన్నగారికి ఇవాళే చెప్పమ్మా. సిమెంటు పోశాక చెప్తే ఎవరూ వినరు" అన్నాడు.

చెప్పాను. అబ్బా అన్నం కలుపుతున్నవాడు ఆపి, తెలుగులోకి దిగాడు.

"పటేల్ చెప్పిండు. కమిటీ చెప్పింది. గూడూరు సాయిబు పొయ్యి మీ కొలత తప్పు అంటే బాగుంటదా? పని ఘన్‌పూర్ల ఇంకో వెల్డింగోనికి ఇస్తరు. నువ్వు నోరు మూస్కో బిడ్డా."

"రేపు గడ్డి ట్రాక్టర్ తాకి కూలితే ఎవల పేరు చెప్తరు అబ్బా? పటేల్ పేరు చెప్తరా?"

"అల్లా చూస్కుంటడు."

"ట్రాక్టర్ నడిపేటోడు గుడ చూస్కోవాలె గద!"

అమ్మీ "తోబా తోబా" అంటూ గరిటె ఎత్తింది. అబ్బా చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆయన భయం నాకు అర్థం కాక కాదు. ఆయన మాట్లాడితే పని పోతుందని భయం, మాట్లాడకపోతే కమాన్ పోతుందని నా భయం. ఎటు పోయినా ఆయన కోరిక పోతుంది. నాకు ఏడుపొచ్చింది, దానికంటే ముందు కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున అబ్బా నమాజుకు కూర్చోగానే పక్కింటి అక్క దగ్గర ముగ్గుపిండి అడిగి తీసుకున్నాను. "మీ ఇంట్ల ముగ్గేందే పిల్లా" అని అక్క నవ్వింది. మూడు బాటల దగ్గరికి పోయి, ఎదురుగా ఉన్న వేపచెట్టును గురిగా పెట్టుకుని నేల మీద రెండు గీతలు పోశాను. ఒకటి కమిటీ చెప్పినట్టు. రెండోది మా బాటకు లంబంగా. స్తంభాలు వచ్చే చోట్ల గుర్తుగా ఎర్ర ఇటుక ముక్కలు పెట్టాను. పని చూసుకుని మురిసి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటున్నాను. అంతలోనే బయట కేకలు.

మూడు బాటలు కలిసే చోట తెల్లటి గీతలు, ఎర్రటి ముక్కలు కనబడితే మా దిక్కు ఎవరూ లెక్కల పాఠం అనుకోరు. ఈ ముక్క నాకు ముందే తట్టవలసింది. క్యాడ్ మత్తులో తట్టలేదు. నేను పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. గీతకు ఇవతల కొందరు, అవతల కొందరు. ఒక్కరూ దాటడం లేదు. పొలానికి పోయే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఒక అవ్వ "ఎవని చేతులు పడిపోను" అని దుమ్మెత్తి పోస్తోంది. గడ్డి లోడుతో వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ ఇంజను ఆపి, దిగి, చెప్పులు విడిచి దండం పెట్టుకుంటున్నాడు.

"గిది ఈడి విద్య కాదు," అన్నారు ఎవరో వెనక నుంచి. "గూడూరు దిక్కు అడవులల్ల నేర్సిన విద్య."

నలుగురు తలలు తిప్పి అబ్బా వైపు చూశారు. నమాజు టోపీ ఇంకా తల మీదే ఉంది. మా దిక్కు చేతబడి నింద పడ్డ ఇళ్లు ఏమైపోతాయో అందరికీ తెలుసు. అమ్మీ నా రెక్క పట్టుకుని, "చల్, మానుకోట పోదాం, ఇప్పుడే పోదాం" అని గుంజుతోంది. పెద్ద పటేల్ మోటార్ సైకిల్ దిగి గీతల దగ్గరికి వచ్చాడు. "ఎవరు పోసిండ్రు గిది?" అని అడిగాడు.

"నేనే పోసిన పటేలా," అన్నాను.

"నువ్వా? ఎవల మీద?"

"ఎవల మీద కాదు. కమాన్ మీద."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అది చాలు, నాకు నోరు లేచింది. గీత మీద నడుచుకుంటూ పోయి మధ్యలో నిలబడ్డాను. అవ్వ కళ్లు మూసుకుంది. నేను పడిపోలేదు కాబట్టి మళ్లీ తెరిచింది. గిది మీరు చెప్పిన కమాన్, గిది నేను చెప్పే కమాన్ అని చూపించాను. పైపు ఒకటే, తిప్పే తీరును బట్టి దారి పెరుగుతది తగ్గుతది అన్నాను. నా మాట ఎంతమందికి ఎక్కిందో తెలియదు. కమిటీ పిల్లగాళ్లు ఇద్దర్ని పిలిచి, జెండా కర్రలు పట్టుకుని మొదటి గీత ఇటుకల దగ్గర నిలబడమన్నాను. డ్రైవర్ అన్నను ట్రాక్టర్ ఎక్కమన్నాను. "నాకేమన్న అయితే నా పెండ్లాన్ని నువ్వు చూస్కో చెల్లె" అంటూ అతను ఎక్కాడు.

గడ్డి లోడు సంగతి తెలిసిందే కదా. తొట్టికంటే గడ్డి రెండువైపులా బొర్ర వేలాడినట్టు వేలాడుతుంది. ట్రాక్టర్ మొదటి గీత మీదికి రాగానే ఎడమవైపు కర్ర గడ్డిలో చిక్కుకుంది. పట్టుకున్న పిల్లగాడు వదలకపోవడంతో కర్రతోపాటు వాణ్ణీ నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. అప్పటిదాకా చేతబడికి వణికిన జనం ఒక్కసారి గొల్లుమన్నారు. వెనక్కి తిప్పి రెండో గీత దగ్గర కర్రలు నిలబెడితే, ట్రాక్టర్ గడ్డిపోచ రాలకుండా దాటింది.

పటేల్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "మంచిగనే ఉన్నది పిల్లా. మరి బస్సుల పొయ్యేటోనికి అచ్చరాలు ఎట్ల కనవడ్తయ్? గాని కోసమే గద కమాన్?"

అక్కడిదాకా నేను గీయలేదు. అంతలో వెనక నుంచి అబ్బా ముందుకొచ్చాడు. ఆ పొద్దున ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"మనిషిని ఎవలన్న పిలిస్తే నిలవడ్డ కాడ్నే తల తిప్పుతడు గద పటేలా. కమాన్ మన బాటకే నిలవడని. పైన అచ్చరాల పలకను ఒక్కదాన్ని రోడ్డు దిక్కు తిప్పుత."

పటేల్ "తిప్పు మరి" అన్నాడు. ఇక జనంలో గీత మీద మొదట కాలు పెట్టి దాటింది ఆ అవ్వే. దాటాక నా నెత్తి మీద మెటికలు విరిచి, "ఇంకోపారి పోస్తే చెప్పి పొయ్యే" అని పోయింది.

పలకను తిప్పి పట్టే ఇనుప చెయ్యికి కొలతలు నేనూ సర్ కలిసి తీశాం. కమాన్ నిలబెట్టిన రోజున మొత్తం కమిటీ తాళ్లు పట్టుకుంది, అబ్బా నిచ్చెన మీద నుంచి అందర్నీ తిట్టాడు, ఎవరూ నొచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే అది చూడటానికి విచిత్రంగానే ఉండేది. కాళ్లు ఒకవైపు, మొహం ఒకవైపు. పక్క ఊళ్లవాళ్లు దానికి మెడ పట్టిందని ఎగతాళి చేసేవాళ్లు. కానీ బస్సులో పోయేవాళ్లకు అక్షరాలు సూటిగా కనిపించేవి, గడ్డి ట్రాక్టర్లు సాఫీగా పోయేవి. రాష్ట్రం వచ్చిన రోజు దాని కిందే పటాకులు కాల్చారు. అబ్బా స్తంభానికి ఆనుకుని, మిఠాయి పట్టుకుని, తినడం మరిచిపోయి నిలబడ్డాడు.

తర్వాత నాకు భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. అప్పటిదాకా మాదీ అదీ ఒకే జిల్లా, తర్వాత వేరయ్యాయి. బొగ్గు జారే ఏటవాలు ఇనుప దోనెలకు బలం కోసం పట్టీలు అతికిస్తారు. ఆ పట్టీలను వాలుకు లంబంగా గీయడమే నా ఉద్యోగం. రోజంతా ఆ పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ముగ్గుపిండి వాసనే వస్తుంది. ఆ జనగామ మెట్లు, పట్టాల మీది పులిహోర, సర్ గారి అండీలు గుర్తొచ్చి ఒంటరిగా నవ్వుకుంటాను. ఆ రోజులంత ధైర్యం నాకు మళ్లీ రాలేదు.

అబ్బా కళ్లు వెల్డింగు మంటకు మెల్లమెల్లగా పోయాయి. పని మానేశాడు, మోపెడ్ మానేశాడు, ఇల్లు కదలడం మానేశాడు. నేను రేగొండ మీదుగా హనుమకొండకు వచ్చి, రైల్లో ఘన్‌పూర్ దిగి, ఆటోలో ఊరు చేరేదాన్ని. మా ఊరి బస్సెక్కి ఏళ్లయింది. మొన్న అబ్బాకు హనుమకొండ దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించి, కట్టుతో ఉన్న మనిషిని ఆటోల్లో తిప్పలేక, ఘన్‌పూర్‌లో బస్సు ఎక్కించాను. ఒక కంటికి కట్టు, రెండోదానికి మసక. దారి పొడుగునా దక్కనీలో "ఏడిదాక వచ్చినం" అని అడుగుతూనే ఉన్నాడు.

కండక్టర్ చిన్న వయసు అబ్బాయి. ఎవరో, ఏ ఊరో. మూడు బాటలు దగ్గరపడుతుంటే గట్టిగా కేకేశాడు:

"సాయిబు కమాన్! సాయిబు కమాన్ దిగేటోళ్లు ముందటికి రాండ్రి!"

నేను సంచి తీసుకుని లేచాను. అబ్బా నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"ఏమన్నడు?"

"సాయిబు కమాన్ అన్నడు అబ్బా."

"గూడూరు అనలేదా?"

"అనలేదు."

బస్సు ఆగింది. అబ్బా కదలడు. చెవి అటు తిప్పి కూర్చున్నాడు. కట్టు కింది నుంచి నీళ్లు కారుతున్నాయి. డాక్టర్ కళ్లు తడవొద్దన్నాడని రుమాలుతో చెంప తుడిచాను.

"సాయిబు కమాన్!" కండక్టర్ ఈసారి విసుక్కున్నాడు. "ఎవలయ్యా దిగేది?"

అబ్బా నా భుజం పట్టుకుని లేచాడు.

"నేనే," అన్నాడు తెలుగులో.